చక్కెర నీళ్లలో నార

గుజ్జమ్మకు కలలు కూడా తడిగానే వచ్చేవి. ఊరి వెనక చెరువులోని గుర్రపుడెక్క ఊదారంగు పూలతో సహా నీళ్ల మీంచి లేచి, వీధుల్లోంచి మెల్లగా తేలుకుంటూ, కిటికీలో దూరి ఆమె మంచం దాకా వచ్చేది. కలలో ఆమె ఒక కాడను పట్టుకుని విప్పేది. కాడలోంచి నార, నారలోంచి పోగు, పోగులోంచి ఇంకా సన్నని పోగు. ఎంత విప్పినా విప్పడానికి ఇంకా మిగిలేది. చివరికి చేతిలో ఏమీ లేనట్టే అనిపించేది, కాని ఆ ఏమీ లేనిదే కాస్త వెలుతురును పట్టుకుని ఉండేది. సరిగ్గా అక్కడికి మెలకువ వచ్చేది. చూసుకుంటే దుప్పటి అంచు పిడికిట్లో ఉండేది.

గుజ్జమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆమె పనిచేసే పరిశోధనశాలలో రంగుల విభాగంవాళ్లు వెటకారానికి పెట్టారు, అది అంటుకుపోయింది. ఒక్కోసారి వెటకారానికి పెట్టిన పేరే మనిషికి నప్పుతుంది. ఏడేళ్లుగా ఆమె చేస్తున్నది గుజ్జు పనే మరి. చెరువుకు ఊపిరాడనివ్వని ఆ కలుపును కోయించి, కాడలు తరిగించి, క్షారంలో ఉడికించి, తెల్లబడేదాకా కడిగి, గుజ్జు చేస్తుంది. దాన్ని రెండు రాళ్ల యంత్రంలో పోసి మళ్లీ మళ్లీ విసురుతారు. పదిహేనుసార్లు విసిరేసరికి గుజ్జు కాస్తా మీగడలా చిక్కబడుతుంది, చెంచా నిలబెడితే నిలబడుతుంది. అందులో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు నీళ్లేనంటే ఎవరూ నమ్మరు. మిగిలిన రెండు పాళ్లలో ఉంటాయి ఆమె పంచప్రాణాలూ. తలవెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఎంతుంటుందో అంత సన్నని పోగులవి. పుస్తకాల్లో దాన్ని నానోసెల్యులోజ్ అంటారు. యంత్రం నడిపే మేస్త్రి మాత్రం దాన్ని మీగడ అంటాడు, యంత్రాన్ని తిరగలి అంటాడు. ఆ గదిలో ఆయన మాటే చెల్లుతుంది.

మీగడను అద్దం పళ్లెంలో పలచగా పోసి నాలుగు రోజులు కదపకుండా ఉంచితే నీళ్లు వెళ్లిపోయి ఒక పొర మిగులుతుంది. గాజులా కనబడుతుంది, కాగితంలా వంగుతుంది, లాగితే ఓ పట్టాన తెగదు. పని తీరాక మట్టిలో పారేస్తే మట్టిలోనే కలుస్తుంది. మొట్టమొదటి పొర వచ్చిన రోజు గుజ్జమ్మ దాన్ని కళ్లకు అడ్డం పెట్టుకుని కిటికీలోంచి వీధిని చూసింది. అదే వీధి, అదే సైకిళ్ల కొట్టు, అదే నీళ్ల ట్యాంకు. కాని అన్నిటి మీదా పొద్దున్నే మంచు విడిపోయే ముందుండే మెత్తదనం వచ్చి కూర్చుంది. పావుగంట అలాగే నిలబడిపోయింది. "ఏంటమ్మా, ఇవాళే కొత్తగా వేశారా ఏంటి వీధి?" అని మేస్త్రి అడిగేదాకా కదల్లేదు.

ఆ గదికి ఒకే ఒక్క నియమం ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో, మూరెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది: "ఎండితే పోయినట్టే." గుజ్జులో పోగుకూ పోగుకూ మధ్య నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఉన్నంతసేపే అవి విడివిడిగా ఉంటాయి. విసరకముందే గుజ్జు ఎండిందా, మధ్యలో నీళ్లు పోయి పోగులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఆ తర్వాత ఎంత నానబెట్టినా, ఎంత విసిరినా విడిపోవు. అందుకే గుజ్జును చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటూ, తడి తగ్గకుండా, చల్లగదిలో దాచుకుంటారు.

ఆమె కష్టాలకు మూలం కూడా ఆ నియమమే. పొర నచ్చి రెండుసార్లు వచ్చిన అట్టపెట్టెల కంపెనీవాళ్లు, రెండుసార్లూ ఒకే మాట అని వెళ్లారు. "బాగుందండీ, బంగారంలా ఉంది. కాని లారీ నిండా తెప్పించుకుంటే అందులో లారీ నిండా నీళ్లే కదా! మా ఊళ్లో నీళ్లకేం కరువు?" దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఈ వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం వాళ్లు మూడోసారి, ఆఖరిసారి వస్తున్నారు. డైరెక్టరు ఆమెను పిలిచి, నీళ్లు నమలకుండా చెప్పేశాడు. "ఈసారి కూడా కాదంటే ఆ గది రంగులవాళ్లకు ఇచ్చేస్తానమ్మా. నువ్వూ వాళ్లతోనే ఉందువుగాని." రంగుల విభాగంలో ఆమె చేయబోయేది డబ్బాల్లో చిక్కదనం కొలిచి పట్టీలో రాయడం. తిరగలిని పాత ఇనుముకు వేస్తారట. ఆ మాట విని మేస్త్రి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

జవాబు లేనప్పుడు కనీసం కళ్లు చెదిరేలా చేద్దామనుకుంది గుజ్జమ్మ. కిటికీ రెక్కంత పొర, ఎక్కడా బుడగ లేకుండా, ముడత లేకుండా. అంత పెద్దది ఇంతవరకు తీయలేదు. దానికి సరిపడా గుజ్జు ఒక్క టబ్బు సిద్ధంగా ఉంది. ఇంకో టబ్బు చేయాలంటే మూడు వారాలు పడుతుంది.

ఇక్కడే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా భవనమంతా కరెంటు ఉండదని, తీగలు మారుస్తారని నోటీసు పెట్టారు. చల్లగది పనిచేయదు. మూడు రోజులు బయట ఉంటే గుజ్జు పులిసిపోతుంది. గత్యంతరం లేక గుజ్జమ్మ టబ్బును ఇంటికి తీసుకొచ్చి, ఫ్రిజ్‌లో అరలు పీకేసి, అందులో పెట్టింది. మూత మీద ఒక చీటీ అంటించింది. "ముట్టుకోవద్దు. మూత తీయవద్దు." మేస్త్రి మటుకు ఒక చిన్న సీసాలో కాస్త గుజ్జు నీళ్లతో సహా పట్టుకెళ్లి తన ఇంటి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. ఇంటాయన లిఫ్టు మెకానిక్కు. "పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతాను, ఇరుక్కుపోయేది మాత్రం ఇంట్లోనే" అంటుంటాడు. అత్తగారు ఆరు నెలల కిందట వీళ్ల దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లు లేసు అల్లిన మనిషి. మేజాబల్లల మీదికి, కిటికీలకు, పెళ్లిబట్టలకు ఆవిడ అల్లిన లేసు ఎన్ని ఇళ్లకు వెళ్లిందో లెక్కలేదు. ఇప్పుడు రెండు కళ్లలోనూ చూపు మధ్యలో ఒక మచ్చ కూర్చుంది. పక్కలు కనబడతాయి, ఎదురుగా ఉన్నది కనబడదు. "మనిషి మొహం తప్ప అన్నీ కనిపిస్తాయమ్మా. అత్తాకోడళ్లు సుఖంగా ఉండాలంటే ఇంతకన్నా ఏం కావాలి?" అని ఆవిడే నవ్వించేది. సూదులన్నీ మాత్రం ఎవరికో ఇచ్చేసింది.

చేతులు ఖాళీ అయిన మనిషి మాటలతో పొద్దుపుచ్చుతుంది. "ఏం చేస్తావమ్మాయ్ రోజంతా అక్కడ?" అని కోడలిని అడిగేది. కోడలు చెప్పులు విప్పుకుంటూ, "మీకు అర్థం కాదులెండి అత్తయ్యా" అనేది. విసుక్కుని కాదు, గర్వంతోనూ కాదు. అలసిపోయి అనేది. మర్నాడు ఆవిడ మళ్లీ అడిగేది, ఈమె మళ్లీ అదే అనేది. ఆరు నెలలుగా ఇదే వరస.

శనివారం పొద్దున గుజ్జమ్మ పెద్ద పళ్లేనికి అద్దం కోయించడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఇంట్లో అలికిడి లేదు. మేడ మీది తలుపు తీసి ఉంది. మెట్లెక్కి వెళ్లి చూసి, గడప దగ్గరే ఆగిపోయింది.

మేడంతా తెల్లగా ఉంది. దుప్పట్ల మీద, బల్లల మీద, తీగ మీద వేలాడే గుడ్డల మీద పలచగా పరిచిన తెలుపు. ఎండ దాని మీద పడి వెనక్కి లేచి గోడల మీద పాలలా కదులుతోంది. గాలికి అంచులు చిన్నగా లేచి పడుతున్నాయి. మధ్యలో స్టూలు మీద అత్తగారు కూర్చుని, పొడుగాటి కర్రతో పావురాలను అదిలిస్తోంది. ఆవిడ జుట్టు కూడా తెలుపే కావడంతో ఆవిడ ఎక్కడ మొదలై తెలుపు ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. గుజ్జమ్మకు తన కలలోకి తనే నడిచివచ్చినట్టయింది. ఎంత బాగుందో అనుకుంది. నిజంగానే అలా అనుకుంది, ఒక్క క్షణం.

"వచ్చావా అమ్మాయ్? ఎండ బాగా తగిలింది. ఇంకో గంటలో ఎత్తేయొచ్చు" అంది అత్తగారు సంబరంగా.

అప్పుడు గుజ్జమ్మ వంగి ఒక అంచును పట్టుకుంది. అది కరకరలాడింది.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత ఆమెకు తెలియక కాదు. "ఎవరు చెప్పారు మిమ్మల్ని? ఎవరు ముట్టుకోమన్నారు?" అని మొదలైంది. మూడు వారాలు, గది, తిరగలి, సోమవారం అన్నీ నోటికొచ్చాయి. చివరికి, "కళ్లు కనబడనప్పుడు చేతులైనా ఊరుకోవాలి కదా!" అనేసింది.

పావురాలు గోడ మీదికి వచ్చి వాలాయి. అత్తగారు వాటిని అదిలించలేదు. కర్రను మెల్లగా పక్కన పెట్టి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

ఆదివారమంతా ఆ చేతులు ఒళ్లోంచి లేవలేదు. ఎప్పుడూ తన కాఫీ తనే తడుముకుంటూ కలుపుకునే మనిషి, కొడుకు తెచ్చి చేతికిచ్చేదాకా ఊరుకుంది. తాగి, గ్లాసు పక్కన పెట్టకుండా పట్టుకునే కూర్చుంది. అడకత్తెరలో పోకచెక్కలా ఇంటాయన ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగాడు. చీటీ సంగతి తల్లికి చెబితే గొడవ సర్దుకుంటుందనుకుని చెప్పాడు పాపం. ఆవిడ విని, "అలాగా నాన్నా" అంది. సాయంత్రం, "రేపు నాలుగింటి బస్సుకి నన్ను పిన్ని వాళ్లింటికి పంపించరా" అంది.

గుజ్జమ్మ పక్క గదిలోంచి ఆ మాట విన్నది. లేచి వెళ్లి ఒక్క మాట అంటే సరిపోతుందని తెలుసు. లేవలేదు. ఆ రాత్రి కల రాలేదు.

సోమవారం పొద్దున ఎండిన గుజ్జునంతా గుడ్డసంచీలో వేసుకుని ల్యాబుకు వెళ్లింది. ఎందుకు తీసుకెళ్లిందో తనకే తెలియదు. చనిపోయిందని చెప్పడానికి ఏదో ఒకటి చూపించాలి కదా. మేస్త్రి విషయం విని చాలాసేపు తల గోక్కున్నాడు. సంచీని మేకుకు తగిలించి, తిరగలి రాళ్లు తుడిచాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"పోయిందెలాగూ పోయింది. నానబెట్టి ఓసారి విసిరి చూద్దామా అమ్మా?" అన్నాడు.

"ఎందుకు మేస్త్రిగారూ, గోడ మీద రాసుకున్నదేగా?"

"రాసింది నేనే. పెయింటు మిగిలితే రాశాను. నానబెట్టనీ."

సగం సంచీ బక్కెట్టులో పోసి, నీళ్లు పోసి, కదిపి వదిలేశారు. సంచీని మళ్లీ మేకుకు తగిలించారు. గుజ్జమ్మ కిటికీ దగ్గర నిలబడి, మొదటి పొరలోంచి చూసిన వీధిని ఉత్త కళ్లతో చూస్తూ ఉండిపోయింది. పదకొండైంది.

"ఏంటమ్మా, నీ సంచీకి చీమలు పట్టాయి! తినడానికేమన్నా తెచ్చావా?" అని మేస్త్రి కేకేశాడు.

"లేదే."

కిటికీ గట్టు నుంచి గోడ వెంబడి మేకు దాకా, మేకు మీంచి సంచీలోకి, నల్లగా ఒక బారు. వెళ్లేవి వెళుతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి. గుజ్జమ్మ వాటినే చూస్తూ నిలబడింది. ఏడేళ్లలో ఈ గదిలో గుజ్జు కోసం చీమ వచ్చింది లేదు.

ఇద్దరూ ఒక్కసారే బక్కెట్టు వైపు తిరిగారు. అడుగున ఇసకలా గడ్డలు కూర్చుని ఉండాల్సింది. బక్కెట్టు నిండా తెల్లగా, మెత్తగా, కడిగిన దూది నీళ్లలో విచ్చుకున్నట్టు ఉంది. గుజ్జమ్మ పరుగున వెళ్లి, కడిగే తొట్టి అంచుకు ఎప్పుడో ఎండి అతుక్కుపోయిన పాత గుజ్జు పెచ్చు గోకి, ఒక గ్లాసు నీళ్లలో వేసింది. అది గులకరాయిలా అడుక్కు వెళ్లి కూర్చుంది. అరగంటయినా విచ్చుకోలేదు.

బక్కెట్టులోదాన్ని రెండుసార్లు కడిగి తిరగలిలో పోశారు. మొదటి విసురుకు నీళ్లగానే వచ్చింది. నాలుగోదానికి చిక్కబడింది. పన్నెండోసారికి మేస్త్రి చెంచా తీసి మధ్యలో గుచ్చాడు. చెంచా నిలబడింది. ఆయన చెంచాను వదిలి, రెండు చేతులూ పైకెత్తి, తనకేం సంబంధం లేదన్నట్టు వెనక్కి జరిగాడు.

చక్కెర. అత్తగారు దాన్ని చక్కెర నీళ్లలో ముంచి ఆరేసింది. నీళ్లు వెళ్లిపోయేటప్పుడు పోగుల మధ్య ఆ చోట్లో చక్కెర కూర్చుంది. పోగులు ఒకదాన్నొకటి కరుచుకోకుండా అడ్డుపడింది. మళ్లీ నీళ్లు తగలగానే తను కరిగి దారి ఇచ్చింది. ఇలాంటిది కుదరొచ్చని గుజ్జమ్మ ఎప్పుడో ఎక్కడో చదివింది కూడా. కాని గోడ మీద అంత పెద్ద అక్షరాలు చూస్తూ ఎవరు ప్రయత్నిస్తారు? ఇక లారీలో నీళ్లు మోయక్కర్లేదు. ఎండుగుజ్జు సంచుల్లో పోసి పంపితే చాలు, అక్కడివాళ్లే వాళ్ల నీళ్లలో కలిపి విసురుకుంటారు. నీళ్లకు వాళ్లకేం కరువు లేదని వాళ్లే అన్నారుగా.

కాని ఎంత చక్కెర? ఎంతసేపు? ఎంత గట్టిగా పిండి ఆరేసింది? అది తెలిసిన మనిషి నాలుగింటి బస్సుకు వెళ్లిపోతోంది.

గుజ్జమ్మ చెప్పులు సరిగా వేసుకోకుండానే బయల్దేరింది. దారిలో మాటలు పేర్చుకుంది. సందు మలుపులో ఆగిపోయింది. ఇప్పుడు వెళ్లి తప్పయిపోయిందంటే, అది తప్పు తెలిసి అన్నట్టా, చక్కెర కోసం అన్నట్టా? నిన్నంతా పక్క గదిలో కూర్చుని అనని మాట, ఇవాళ అవసరం పడగానే ఎలా వస్తోంది? తనను తను ప్రశ్నించుకుంది. బస్సు మాత్రం ఎవరి కోసమూ ఆగదు గనక నడక సాగించింది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. సంచీ సర్ది, తాడు కట్టి, పక్కన పెట్టుకుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"బస్సు టైమయిందా?" అంది అలికిడి విని.

"ఇంకా గంటన్నర ఉంది అత్తయ్యా. నేను శనివారం అనకూడని మాట అన్నాను."

"ఏ మాట?"

"మీకు తెలుసు."

"నాకు తెలుసు. నీకు గుర్తుందో లేదో చూద్దామని."

గుజ్జమ్మ నేల మీద కూర్చుంది. ఆ మాటను మళ్లీ నోటితో అనాల్సి వస్తుందని దారిలో అనుకోలేదు. కోపంలో తేలిగ్గా వచ్చింది, ఇప్పుడు ఒక్కో ముక్కా విడివిడిగా అనాల్సి వచ్చింది. "కళ్లు కనబడనప్పుడు చేతులైనా ఊరుకోవాలి అన్నాను." అనేసరికి ఆమెకు ఏడుపు వచ్చేసింది. ఆపుకోవాలని చూడలేదు.

అత్తగారు తల కాస్త పక్కకు తిప్పింది. పక్క చూపుతోనే ఆవిడకు మనుషులు కాస్తయినా కనబడతారు. "నీ గుజ్జు బాగుపడిందా?"

గుజ్జమ్మ కళ్లు తుడుచుకుంది. "బాగుపడింది."

"అదీ సంగతి! అది బాగుపడకపోతే వచ్చేదానివా?"

వీధిలో ఎవరో మోటారు సైకిలు తన్నుతున్నారు, అది అంటుకోవడం లేదు. అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి అదును దొరకదు.

"వచ్చేదాన్నే. కాని ఇవాళ కాదు. ఓ నెల పట్టేదేమో. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేదాన్ని. మూడోసారి ఎక్కేదాన్ని" అంది గుజ్జమ్మ.

అత్తగారి భుజాలు కదిలాయి. నవ్వుతోంది. "ఇవాళే వచ్చేదాన్ని అత్తయ్యా అని ఉంటే ఈ సంచీ ఎత్తుకుని నడిచి పోయేదాన్ని, నీ మొగుడి కోసం కూడా ఆగేదాన్ని కాదు" అంది. "ఆ నెల రోజులూ మా చెల్లెలి గురక వినాల్సి వచ్చేది నాకు."

"అసలు ఏం చేశారు అత్తయ్యా దాన్ని?"

"ఏం చేస్తాను? నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తెరిస్తే చేతికి టబ్బు తగిలింది. మూత తీసి తడిమాను. నార! నలభై ఏళ్లు నారతో బతికినదాన్ని, చేతికి తెలియదూ? ఆర్నెల్లు అడిగితే చెప్పలేదు గాని, ఇదన్నమాట నువ్వు చేసేది అనుకున్నాను. చెప్పొద్దూ, ఆ పూట నాకు నిద్రలేచినట్టయింది. తడి నార అలా ముద్దగా వదిలేస్తే పోగు మీద పోగు పడి కరుచుకుంటుంది. లేసు ఉతికాక చక్కెర నీళ్లలో ముంచి ఆరేస్తాం. పోగుకి పోగు దూరంగా నిలబడుతుంది, మళ్లీ తడిపితే హాయిగా విడిపోతుంది. మా పనిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నీకు సాయంగా ఉంటుందని..." అక్కడ ఆగింది. "చీటీ అంటించావట. వాడు చెప్పాడు. నాకు చీటీ ఏంటమ్మా? ఒక్క మాట నోటితో చెబితే సరిపోయేదిగా."

గుజ్జమ్మ లేచి సంచీకి కట్టిన తాడు ముడి విప్పింది.

ఇంటాయన బస్సు టైముకు చెమటలు కక్కుతూ వచ్చాడు. తల్లి చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది, పెళ్లాం ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. "బస్టాండుకి కాదురా, మీ ఆవిడ ఆఫీసుకి పోనీ" అంది తల్లి. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎందుకైనా మంచిదని ఏమీ అడగకుండా బండి తీశాడు.

వచ్చే సోమవారం ఏమైందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కథ అక్కడ లేదు. కంపెనీవాళ్లు వచ్చారు. వాళ్ల ముందు మేస్త్రి పిడికెడు ఎండు ముక్కలు నీళ్లలో వేసి, విసిరి, చెంచా నిలబెట్టాడు. కిటికీ రెక్కంత పొర కూడా చూపించారు, ఒక మూల చిన్న బుడగ ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. గది నిలిచింది. తిరగలి నిలిచింది. రంగులవాళ్లు గుజ్జమ్మ అనడం మానలేదు. గోడ మీద "ఎండితే పోయినట్టే" పక్కన మేస్త్రి మిగిలిన పెయింటుతో "చక్కెర లేకపోతే" అని చేర్చాడు.

కథ ఉన్నది ఈ సోమవారం సాయంత్రం నాలుగున్నరకు, కడిగే తొట్టి దగ్గర.

అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి ఏటవాలు ఎండ తొట్టిలోని నీళ్ల మీద పడి కప్పు మీద వెలుతురు అలలు కడుతోంది. ఆవిడ తల పక్కకు తిప్పి ఆ అలలనే చూస్తోంది, అవి ఆవిడకు కనబడతాయి. మేస్త్రి సీసాలో దాచిన గుజ్జు తెచ్చి ముందు పెట్టాడు. గుజ్జమ్మ త్రాసు తెచ్చింది, కొలగ్లాసు తెచ్చింది, పుస్తకం తెరిచి తారీకు వేసుకుంది. అత్తగారు చేతులు ఒళ్లోంచి తీసి, మోచేతుల దాకా బట్ట మడుచుకుని, నీళ్లలో పెట్టింది. రెండు రోజులుగా పని లేని ఆ చేతులు నీళ్లలో ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి.

ఆవిడ గుప్పిట్లోంచి చక్కెర జారవిడిచి కలిపింది. గుజ్జమ్మ డబ్బా తూకం చూసి రాసుకుంది. ఆవిడ ఇంకాస్త వేసింది. గుజ్జమ్మ మళ్లీ తూచి రాసుకుంది. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ నీళ్లలో రుద్ది, ఆగి, మళ్లీ రుద్ది, "ఊఁ, చాలు" అంది.

"చాలని ఎలా తెలిసింది అత్తయ్యా?" గుజ్జమ్మ పెన్ను పుస్తకం మీదే ఉంది.

"నీకు అర్థం కాదులే" అంది అత్తగారు.

ఎత్తిపొడుపుగా అనలేదు. పనిలో మునిగి, అలవోకగా అంది. కాని గుజ్జమ్మ పెన్ను ఆగిపోయింది. ఆరు నెలలు, రోజూ సాయంత్రం, గడప దగ్గర చెప్పులు విప్పుకుంటూ తను ఈవిడకు ఇచ్చిన జవాబు అది. తీసుకునేవైపు నిలబడితే ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తిరగలి దగ్గర మేస్త్రి తుడిచిన రాళ్లే మళ్లీ తుడుస్తున్నాడు.

కోడలు మాట్లాడకపోవడం అత్తగారికి వినబడింది. నీళ్లలోంచి ఒక చెయ్యి తీసి, గాలిలో ఆమె వైపు చాపింది. మణికట్టు మీంచి నీళ్లు కారుతున్నాయి.

"రాస్తే అర్థం కాదన్నానే. చెయ్యి ఇలా తే."

గుజ్జమ్మ పెన్ను కింద పెట్టింది.